నాలుగో ముడి

లాడ్జి, రెండో అంతస్తు, మెట్ల పక్క గది
సోమవారం

నా పిసినారి శ్రీవారికి,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలచడానికి మాత్రం నాకింకా మనసు రావడం లేదు. బండి కదలబోతుండగా "నీళ్ళ సీసా నింపుకొస్తా" అని దిగిన మనిషి, కిటికీలోంచి సీసా చేతికిచ్చి "నువ్వెళ్ళు, ఫ్యాక్టరీ వాళ్ళ కుట్టుమిషన్ల రిపేరు గుర్తొచ్చింది" అంటే నేనేమనుకోవాలండీ? అరిగిపోయిన సబ్బుముక్కని కొత్త సబ్బుకి అతికించి వాడే మనిషి మీరు. ఒక టికెట్టు డబ్బు మొత్తం గాల్లో కలిసిపోతుంటే మీ మొహంలో బాధే లేదు. దారి పొడుగునా నాకదే ఆలోచన.

పైగా బండి పక్కనే నడుస్తూ చెప్పిన ఆ మాటలేమిటి? ఈ లాడ్జిలోనే దిగాలట. రిజిస్టరులో మన ఊరు కాకుండా మా పుట్టింటి ఊరు రాయాలట. మీ ఉత్తరాలు లాడ్జికి రావట, పెద్ద పోస్టాఫీసుకి వెళ్ళి నేనే అడిగి తీసుకోవాలట. కారణం అడిగేలోపు ప్లాట్‌ఫారం అయిపోయింది.

పెళ్ళైన కొత్తలో అడిగాను ఈ నగరం చూపించమని. ఇన్నాళ్ళు స్కూలు యూనిఫారాలకి కాలర్లు కుట్టి కూడబెట్టుకున్న డబ్బుతో, తీరా వచ్చేసరికి ఒక్కదాన్నే వచ్చాను. నెల రోజులు దీంతోనే గడపాలి. భయంగా ఉందని రాస్తే నవ్వుతారు కాబట్టి రాయడం లేదు.

లాడ్జి ఊరి చివర ఉంది. ఏం చూడాలన్నా రెండు బస్సులు మారాలి. చవక అన్నారు గానీ, గదిలో మిగిలేది బస్సుల్లో పోతోంది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. మంచం మాత్రం శుభ్రంగా ఉంది. కౌంటరు దగ్గర యాభై దాటిన ఒకావిడ కూర్చుంటుంది, యజమానురాలు ఆవిడే. అవసరం లేకుండా వెలిగే లైటు కనిపిస్తే చాలు, మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి మెట్లెక్కి వచ్చి ఆపేస్తుంది. మీరుంటే చక్కగా కుదిరేది మీ ఇద్దరికీ.

పడుకునే ముందు అత్తయ్య నేర్పినట్టే రేపటికి రుమాలు మూలల్లో డబ్బు ముడేసుకున్నాను. ఒక మూల వెళ్ళడానికి, ఒక మూల తినడానికి, ఒక మూల తిరిగి రావడానికి. నాలుగో మూల, దారి తప్పితే. పక్క వీధికి వెళ్ళినా మీరు ఈ నాలుగు ముడులు లేకుండా కదలరు కదా, అది చూసి నవ్వేదాన్ని. ఇంత పెద్ద ఊళ్ళో ఒంటరిగా కూర్చుని కడుతుంటే నవ్వు రాలేదు. "నా ఇద్దరు పిల్లలకీ ఇలాగే కట్టిచ్చేదాన్ని" అనేది అత్తయ్య. ఆ రెండో బిడ్డ ఎవరని నేనడిగితే ఆవిడ మాట మార్చేది. మీరైతే లేచి బయటికే వెళ్ళిపోయేవారు. ఎందుకో ఇవాళ గుర్తొచ్చింది.

ఫోను చేయొద్దన్నారు కాబట్టి చేయను. స్టాంపులు మాత్రం లెక్కపెట్టకండి.

మీ ఇల్లాలు


షాపు, మధ్యాహ్నం

ఇంటావిడకి,

ఉత్తరం అందింది. మిషన్ల పని నిజంగానే వచ్చింది. అనుమానాలు పెట్టుకోకు.

నగరంలో డబ్బు ఎలా పోతుందో సూదుల ఏజెంటు చెప్పాడు, రాసుకో. స్టేషను చుట్టుపక్కల ఏదీ కొనకు. మ్యూజియానికి వారంలో ఒక సాయంత్రం టికెట్టు ఉండదట, అదెప్పుడో కనుక్కో. నదిలో షికారు పడవ ఎక్కకు. ఆఫీసులకి పోయే జనం ఎక్కే పడవ పక్కనే ఉంటుంది, నది అదే, నీళ్ళూ అవే. రొట్టెల దుకాణంలో మూసే వేళకి వెళితే సగం ధర. బస్సుకి రోజంతా తిరిగే టికెట్టు తీసుకో, తీసుకున్నాక కాళ్ళు నొప్పులని గదిలో కూర్చోకు.

లాడ్జి మారకు. దూరమైనా ఫరవాలేదు.

ఆ యజమానురాలికి మోకాళ్ళ నొప్పులా? బాగా ఎక్కువా? మెట్లు ఎవరైనా పట్టుకుని ఎక్కిస్తారా, ఒక్కతే ఎక్కుతుందా? ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు ఉందేమో చూడు. ఊరికే అడుగుతున్నాను. ఏజెంటు ఆ లాడ్జిలోనే దిగుతాడు కదా, మాటల్లో వచ్చింది.

పాలు ఒక పూటే పోయించుకుంటున్నాను. తలుపు గడియ ఇంకా బాగు చేయలేదు.

నీ మొగుడు


లాడ్జి, రెండో అంతస్తు
గురువారం, మ్యూజియం చూసి వచ్చిన మర్నాడు

శ్రీవారికి,

నిన్నటి సంగతి వింటే మీరు మెచ్చుకుంటారు, ఆ తర్వాత తిడతారు.

ఈ ఊరి గోపురం ఎక్కడానికి టికెట్టు ఉంది. నేను ఎక్కలేదు. గోపురం ఎక్కితే గోపురమే కనిపించదు కదండీ. ఎదురుగా పెద్ద లైబ్రరీ ఉంది, డబ్బు అడగరు, పై అంతస్తు కిటికీలోంచి గోపురం మొత్తం కనిపిస్తుంది. చేతిలో ఒక పుస్తకం పట్టుకుని చాలాసేపు చూశాను. పుస్తకం తలకిందులుగా ఉందని ఒక పెద్దమనిషి చెప్పేదాకా నాకు తెలియలేదు.

ఆఫీసు జనం పడవ కూడా ఎక్కాను. అందరూ పేపరు చదువుకుంటున్నారు, నేనొక్కదాన్నే నదిని చూస్తున్నాను. వాళ్ళందరి వాటా కూడా నేనే చూసినట్టనిపించింది.

మ్యూజియం దగ్గర ఒక గైడు ఎర్ర జెండా పట్టుకుని డబ్బు కట్టినవాళ్ళకి అన్నీ వివరిస్తున్నాడు. నేను రెండడుగుల వెనక నడుస్తూ, బొమ్మల్ని చూస్తున్నట్టు నటిస్తూ అంతా విన్నాను. ఉచితంగా రాజుల చరిత్ర సగం వచ్చేసింది. బయటికొచ్చాక కూడా వదలకుండా ఆ జెండా వెంటే వెళ్ళాను. నాలుగు వీధులు తిరిగాక వాళ్ళంతా ఒక బస్సు ఎక్కి వెళ్ళిపోయారు. నేను మిగిలాను. ఎక్కడున్నానో తెలియదు. దీపాలు పెట్టేశారు. దారి అడిగితే ఒకరు కుడి అంటారు, ఒకరు ఎడమ అంటారు. తిరిగి రావడానికి కట్టుకున్న మూడో ముడి అప్పటికే విప్పి ఒక తప్పు బస్సుకి ఇచ్చేశాను. నాలుగో ముడి మీద చెయ్యి పడింది, మళ్ళీ తీసేశాను. నడిచే వచ్చాను.

లాడ్జికి చేరేసరికి నా వాలకం చూసి ఆవిడ కౌంటరు వెనకనుంచి లేచి వచ్చింది.

"ఆటో ఎక్కి రావచ్చుగా అమ్మాయ్. డబ్బు లేకపోతే ఇక్కడికొచ్చాక నేనిచ్చేదాన్నిగా."

"ఉందండీ" అని రుమాలు చూపించాను. "కానీ ఇది నాలుగో ముడి. విప్పబుద్ధి కాలేదు."

"ఎవరు నేర్పారు నీకిది?"

"మా అత్తయ్య."

ఆవిడ రుమాలు అందుకుని, ముడి విప్పకుండా వేళ్ళతో తడిమి చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీ అత్తయ్య బాగున్నారా?" అని అడిగింది.

"పోయి నాలుగేళ్ళయిందండీ. నిద్రలోనే పోయింది" అన్నాను.

ఆవిడ రుమాలు నా చేతిలో పెట్టి లోపలికెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడైంది. లైటు ఊరికే వెలిగితే ఒప్పుకోని మనిషి, కుళాయిని అలా వదిలేసింది. నేను నా గదికి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, రొట్టె తిన్నాక కూడా ఆ నీళ్ళు పోతూనే ఉన్నాయి. ముక్కూ మొహం తెలియని మా అత్తయ్య పోతే ఆవిడకేమిటండీ? నాకేమీ అర్థం కాలేదు.

ఇవాళ పొద్దున నా గదిలో దిండు మారింది. మెత్తటిది పెట్టించింది. నేను అద్దె ఇవ్వబోతే "ఉండనీ" అంది. ఊరికే వచ్చేదంటే నాకు భయం. ఒక మంచి మాట ఏమిటంటే, స్టేషను వెనక ఆడవాళ్ళ హాస్టలొకటి చూశాను. దీనికన్నా చవక, బస్సు ఖర్చు ఉండదు. వచ్చే వారం శనివారం మారిపోతాను. ఎంత మిగులుతుందో వింటే మీరు పొంగిపోతారు.

అన్నట్టు, కనుబొమ్మ మీద గాటు ఉంది. ఏజెంటు అంత దగ్గరగా ఎందుకు చూశాడో మరి.

మీ ఇల్లాలు


షాపు, లైటు పోయింది, చీకట్లో రాస్తున్నాను

మారొద్దు. ఈ ఉత్తరం ఎక్స్‌ప్రెస్ డెలివరీలో పంపుతున్నాను. హాస్టలు వద్దు. ఎంత చవకైనా వద్దు.

ఆవిడ అద్దె తీసుకోకపోతే కౌంటరు మీద పెట్టి వచ్చేయి. ఎక్కువైనా పెట్టు. చాలకపోతే మనియార్డరు చేస్తాను.

అమ్మ పోయిన సంగతి నువ్వే చెప్పావా? ఎలా చెప్పావు? ఏడ్చిందా? ఆ తర్వాత ఏమైనా అడిగిందా, ఇంట్లో ఎవరెవరున్నారని గానీ, ఇంకేమైనా గానీ? ఒక్క మాట కూడా వదలకుండా రాయి. స్టాంపులు ఎన్నైనా ఖర్చు పెట్టు.

భోజనం ఉందా అక్కడ? ఆవిడే వండుకుంటుందా?

నేను


లాడ్జి
ఆదివారం

ఏమండీ,

శనివారం పెట్టె సర్దుకుని, పోస్టాఫీసు మీదుగా పోదామని వెళ్ళాను. మీ ఉత్తరం చదివి పెట్టె పట్టుకుని మళ్ళీ ఇక్కడికే వచ్చాను. ఆవిడ చూసి "మర్చిపోయావా ఏమైనా" అంది. నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో ఆవిడకి చెప్పలేదు, మీకు చెప్తాను.

ఇన్నేళ్ళ కాపురంలో మీరు ఖర్చు పెట్టమన్న ఉత్తరం ఇదొక్కటే. నా పుట్టినరోజుకి జాకెట్టు గుడ్డ అడిగితే "ఉన్నవి చిరగనీ" అన్నారు. నాకు జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి నడిపించారు. ఆవిడకేమో మనియార్డరు. ఆవిడ మోకాళ్ళెలా ఉన్నాయి, కనుబొమ్మ ఎలా ఉంది, భోజనం చేసిందా. నేను తిన్నానా లేదా అని ఒక్క ఉత్తరంలోనైనా అడిగారా?

బండి దిగిపోయింది మిషన్ల కోసం కాదు. రిజిస్టరులో ఊరు మార్చి రాయించింది ఆవిడకి తెలియకూడదని. ఉత్తరాలు పోస్టాఫీసుకి పంపేది మీ చేతిరాత ఆవిడ గుర్తుపడుతుందని. ఇదంతా కూడితే ఏమొస్తుందో నాకూ తెలుసు. నేను మరీ అంత అమాయకురాలిని కాను.

ఆవిడ మీకేమవుతుంది? పెళ్ళికి ముందు సంగతైతే ముందుదే అనుకుంటాను, కానీ నన్ను ఆవిడ ఇంటికి పంపి, ఆవిడ ఆరోగ్యం నాచేత రాయించుకోవడం ఏం న్యాయమండీ?

ఆవిడ మంచిదే. అదే నా బాధ. చెడ్డదైతే తిట్టి వచ్చేసేదాన్ని. నిన్న కూడా నా తడిచెప్పులు తీసుకెళ్ళి పొయ్యి పక్కన ఆరబెట్టింది.

జవాబు వచ్చేదాకా నేను ఏమీ చూడను. గోపురం వద్దు, ఏమీ వద్దు. గదిలోనే కూర్చుంటాను.

ఇల్లాలు


షాపు, తాళం వేసి లోపల కూర్చుని

ఓ పిచ్చిదానా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత షాపు మూసేశాను.

ఆవిడ మా అక్క.

అమ్మ చెప్పిన రెండో బిడ్డ. రెండోది కాదు, మొదటిదే. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఆ గాటు నేను విసిరిన గోళీ తగిలి పడింది. ఆ నగరంలో ఏదో లాడ్జిలో గుమాస్తాగా ఉన్నాయన్ని తనంతట తాను చేసుకుని వెళ్ళిపోయింది. నాన్న ఆ తర్వాత ఇంట్లో తన మాట ఎత్తనివ్వలేదు. నాన్న పోయాక కూడా మాకు ఎత్తడం అలవాటు కాలేదు. బతికుందో లేదో, ఎక్కడుందో నాకు తెలియదు. కిందటేడు సూదుల ఏజెంటు, నేను రుమాలు విప్పడం చూసి, "మీకూ ఉందా ఈ ముడుల పిచ్చి? నేను దిగే లాడ్జి ఆవిడ కూడా ఇలాగే కడుతుంది" అన్నాడు. అప్పుడు తెలిసింది.

మనిద్దరికీ టికెట్లు తీసుకున్నది నిజంగా వద్దామనే. బండిలో కూర్చున్నాక నావల్ల కాలేదు. నీతో చెబితే నువ్వు మొదటి రోజే చెప్పేస్తావు. నా పేరు వింటే మొహం మీద తలుపు వేస్తుందేమో తెలియదు. ముందు నువ్వు చూసి రాస్తే, మనిషి ఎలా ఉందో తెలిస్తే, తర్వాత ఆలోచిద్దామనుకున్నాను. అంతే.

నువ్వు నా భార్యవని చెప్పకు. నేనెవరో చెప్పకు. వేళకి తిను. తిన్నావా?

నీ మొగుడు


లాడ్జి, వంటగది బల్ల
బుధవారం

శ్రీవారికి,

తిన్నాను.

మీ ఉత్తరం పోస్టాఫీసు మెట్ల మీదే చదివాను. అక్కడే కూర్చుని ముందు మిమ్మల్ని తిట్టాను, తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను. సొంత ఆడపడుచుని పట్టుకుని ఏమేమి ఊహించానో తలుచుకుంటే తల ఎత్తుకోలేకపోయాను. అత్తయ్య పోయిందని కూతురికి నేను ఎలా చెప్పానండీ, బస్సు వెళ్ళిపోయిందన్నంత తేలిగ్గా. ఆ పాపంలో మీకే పెద్ద వాటా.

చెప్పొద్దన్నారు. చెప్పక్కర్లేకపోయింది. లాడ్జికి వచ్చేసరికి ఆవిడ రొట్టెముక్కలు కోస్తోంది. నా మొహం చూసి కత్తి పక్కన పెట్టింది.

"ఉత్తరం వచ్చిందా వాడి దగ్గర్నించి?"

నేను ఉత్తరాన్ని కొంగు కింద దాచబోయాను.

"ముడి చూసినప్పుడే తెలుసు అమ్మాయ్. నువ్వే చెప్తావని ఆగాను. వాడు చెప్పనిచ్చి ఉండడు."

అప్పటినుంచి వదినా అంటున్నాను. మొదటిసారి అన్నప్పుడు ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో పిలిచాననుకుందట.

ఆవిడ చెప్పింది ఆవిడ మాటల్లోనే రాస్తాను, ఎందుకంటే దీనికి జవాబు మీరే ఇవ్వాలి.

"వాడికి పద్దెనిమిదేళ్ళప్పుడు, నాన్నకి తెలియకుండా అమ్మ ఏర్పాటు చేసింది. నా దగ్గరుండి పని నేర్చుకోవాలని. ఇంటికొచ్చే ఉత్తరమంటే నాన్న చూస్తాడని, పక్కింటావిడ పేరు మీద రాసుకున్నాం. ఫలానా రోజు పొద్దుటి బండికి వస్తాడు, పెద్ద గడియారం కింద ఉండమంది. ఉన్నాను. పొద్దుటి బండి పోయింది, మధ్యాహ్నం బండి పోయింది. ఆకలేస్తే తినడానికి వెళ్ళలేదు, ఆ కాసేపట్లో వస్తాడేమోనని. ఆఖరి బండి కూడా ఖాళీ అయ్యాక స్టేషను వాళ్ళు వెళ్ళమన్నారు. వాడు బండి ఎక్కాడా లేదా, నాకు ఈనాటికీ తెలియదు. నాన్న ఆపాడా, వాడికే ఇష్టం లేదా? దారిలో ఏమైనా అయిందేమోనని పక్కింటావిడ పేరుకి రెండు ఉత్తరాలు రాశాను. ఆవిడ ఇల్లు మారిందో ఏమో, తిరిగొచ్చేశాయి. ఇంకోసారి రాయడానికి మనసు రాలేదు. రానివాడిని ఎన్నిసార్లని పిలుస్తాం."

ఇది చెబుతూ ఆవిడ ఆ రొట్టెని అవసరం లేనంత సన్నగా కోసేసింది.

నాకు ఒకటి అర్థమైంది, ఒకటి కాలేదు. మీరు ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఈ నగరం మాట ఎందుకు ఎత్తనిచ్చేవారు కాదో అర్థమైంది. ఆ రోజు ఏమైందో అర్థం కాలేదు. మీరు బండి దిగారా లేదా?

అక్కాతమ్ముళ్ళిద్దర్నీ ఒకే తానులోంచి కత్తిరించినట్టున్నారు. ఆవిడ సబ్బు కూడా చూశాను, పాతముక్క అతికించే ఉంది.

మీ ఇల్లాలు


షాపు

ఇంటావిడకి,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. కాయితాలు దండగైనందుకు కాదు గానీ, ఏం రాయాలో తెలియడం లేదు.

దిగాను.

బండి దిగాను. గడియారం కింద అని అమ్మ చెప్పింది. ఆ స్టేషనుకి గడియారాలు ఎన్ని ఉంటాయో అమ్మకేం తెలుసు? దిగిన చోట ఒకటుంది, వంతెన మీద ఒకటుంది, ఎటు చూసినా ఒకటి కనిపించింది. ఇది పెద్దదా అది పెద్దదా అని తిరిగాను. జనం తోసుకుంటూ పోతున్నారు. ఎవర్ని అడిగినా నా వైపు చూడకుండా చెయ్యి ఊపి వెళ్ళిపోయారు. అంత జనాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఊపిరాడలేదు. ఎంతసేపు తిరిగానో, ఒక గేటు దగ్గర కూర్చుని ఏడ్చాను. పద్దెనిమిదేళ్ళ గాడిదని. అక్కడ టికెట్ల కిటికీ కనిపించింది. నాలుగో ముడి విప్పి ఇంటికి టికెట్టు కొనేశాను. దారి తప్పితే విప్పమనే కదా అమ్మ చెప్పింది. తప్పింది, విప్పాను.

ఇంటికొచ్చాక అమ్మ రుమాలు చూసింది. మళ్ళీ నాలుగో మూలలో డబ్బు పెట్టి ముడేసి ఇచ్చింది. అక్కకి రాయమంటే ఇవాళ రేపు అన్నాను. ఏమని రాయను, నువ్వున్న ఊరు చూసి జడుసుకుని పారిపోయానని రాయనా? ఆలస్యమయ్యేకొద్దీ రాయడం మరీ కష్టమైంది. తర్వాత పక్కింటావిడా వెళ్ళిపోయింది, అడ్రసూ లేకుండా పోయింది.

తను నేను రాలేదనుకుందా? అంతసేపు నిలబడిందా? నేను గంటలో వెళ్ళిపోయి ఉంటానే.

ఇప్పుడు రమ్మంటావేమో. షాపు ఎవరు చూస్తారు? ఫ్యాక్టరీ మిషన్లు నాలుగు మిగిలాయి. తలుపు గడియ కూడా సరిగా పడటం లేదు, దొంగలొస్తారు. నా వయసుకి ఆ స్టేషను భయమేమిటని నువ్వనుకోవచ్చు. మొన్న నిన్ను బండెక్కించేటప్పుడు, ఆ ఊరి పేరు బోర్డు మీద చూసేసరికే చెమటలు పట్టాయి. అక్క మొహం చూడటం అంతకన్నా కష్టం.

నువ్వే చెప్పు తనకి, దిగానని. ఏమంటుందో రాయి.

నీ మొగుడు


లాడ్జి
సోమవారం

శ్రీవారికి,

మీ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను. "దిగాను" దగ్గర మళ్ళీ చదవమంది. గడియారాల దగ్గర నవ్వింది. నాలుగో ముడి దగ్గరికి వచ్చేసరికి కళ్ళద్దాలు తీసేసింది.

"నాన్న ఆపలేదన్నమాట. వచ్చాడన్నమాట" అని ఆ పూటంతా అదే మాట. వంట చేస్తూ అంది, రిజిస్టరు రాస్తూ అంది. లాడ్జిలో దిగినవాళ్ళకి ఆవిడకేమైందో తెలియక నన్నడుగుతున్నారు.

జవాబు రాయండి వదినా అంటే రాయనంది. "ఆ రోజు వాడిని పిలిచింది నేను. నిలబడిందీ నేనే. ఈసారి వాడి వంతు" అంది. కోపంగా అన్నదా, ప్రేమగా అన్నదా, నాకు తెలియలేదు. మీ ఇంటివాళ్ళకి ఆ రెండింటికీ ఒకటే మొహం.

రాత్రి భోజనాలయ్యాక మాత్రం పెట్టెలోంచి ఒక రుమాలు తీసి, కూర్చుని ముడి వేసింది. ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను, జాగ్రత్తగా విప్పి చూడండి, పోస్టాఫీసు వాళ్ళు బరువని ఎక్కువ తీసుకున్నారు. మూడు మూలలూ ఖాళీ. వెళ్ళడానికి, తినడానికి, తిరిగి పోవడానికి మీరే చూసుకోవాలట. నాలుగో మూల మాత్రం ఆవిడ కట్టింది. దారి తప్పితే ఆవిడ చూసుకుంటుందట.

నాకు ఈ వారంతో నెల అయిపోతుంది. ఉండమంటోంది. పనిలో పనిగా లాడ్జి దుప్పట్ల అంచులన్నీ కుట్టిపెడుతున్నాను, ఊరికే తినడం నాకు పడదు. గోపురం మీరొచ్చాక ఎక్కుదామని ఆగాను. డబ్బు మిగిలింది లెండి, ఇద్దరికీ సరిపోతుంది. ముగ్గురికీ సరిపోతుంది.

షాపు తలుపుకి తాళం వేసుకోవచ్చు, గడియ ఎందుకు?

మీ ఇల్లాలు


రైల్వే స్టేషను, పెద్ద గడియారం కింద బెంచీ

ఇంటావిడకి,

ఈ చీటీ ఇక్కడి కూలీ ఒకతనితో పంపుతున్నాను. అడ్రసు బాగా తెలుసన్నాడు.

పొద్దుటి బండికి దిగాను. గడియారాలు ఇప్పుడు ఇంకా ఎక్కువయ్యాయి. ఈసారి సిగ్గుపడకుండా ముగ్గుర్ని అడిగాను, ముగ్గురూ ఇదే పెద్దదని చూపించారు. అయినా నాకు అనుమానంగానే ఉంది. ఇది కాకపోతే అక్కకి తెలుస్తుంది కదా, తను అంతసేపు నిలబడిన చోటు.

టికెట్ల కిటికీ ఎదురుగానే కనిపిస్తోంది. అటు చూడటం లేదు. తిరుగు టికెట్టు కొనలేదు. అక్క పంపిన ముడి విప్పలేదు, జేబులో చెయ్యి పెట్టి పట్టుకునే ఉన్నాను.

అక్కకి చెప్పు, నేను గడియారం కింద ఉన్నానని. మోకాళ్ళ నొప్పి కదా, మెల్లగా రమ్మను, తొందరేం లేదు. పని ఉంటే చూసుకునే రమ్మను. ఆఖరి బండి వెళ్ళిపోయినా, స్టేషను వాళ్ళు వెళ్ళమన్నా నేను ఇక్కడే ఉంటాను.

కూలీకి డబ్బు ఇచ్చేశాను, ఎక్కువే ఇచ్చాను. నువ్వు మళ్ళీ ఇవ్వకు.

నీ మొగుడు